పొట్టేలు ఉన్ని, నక్క పొట్ట బొచ్చు: ఫ్లైలు కట్టేవారికి వింత వెంట్రుకలు ఎక్కడ దొరుకుతాయి

సుమారు 1900 నాటి సంగతి. ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో, టివర్టన్ అనే ఊళ్లో ఆర్.ఎస్. ఆస్టిన్ అనే ఆయన ఫ్లైలు కట్టి అమ్మేవాడు. ఫ్లై అంటే సన్నని హుక్ మీద దారంతో ఈకలు, బొచ్చు బిగించి పురుగులాగానో చిట్టి చేపలాగానో కనిపించేలా తయారు చేసే ఎర. ట్రౌట్ చేపల కోసం ఆయన కట్టిన ఒక ఫ్లై అద్భుతంగా పనిచేసింది. దాని ఒంటికి చుట్టిన బొచ్చు ఏమిటో చూసినవాళ్లకు అంతుచిక్కలేదు. అది పొట్టేలు వృషణాల మీద పెరిగే ఉన్ని. వెలుగు లోపలికి దూరే ఆ ఉన్నిలో సీల్ అనే సముద్రపు జంతువు బొచ్చు, నిమ్మపండు రంగు స్పానియల్ కుక్క బొచ్చు, కాస్త పసుపు మోహేర్ (అంగోరా మేక ఉన్ని) కలిపేవాడు. రహస్యం తెలిసిన కొద్దిమందిలో ఒకడు, ఫ్లైలతో చేపలు పట్టడం గురించి పుస్తకాలు రాసిన జి.ఇ.ఎం. స్క్యూస్ ఆ ఫ్లైకి ‘టప్స్ ఇన్‌డిస్పెన్సబుల్’ అని పేరు పెట్టాడు. టప్ అంటే పొట్టేలు. రెండో మాటకు ‘లేకపోతే గడవనిది’ అని అర్థం. ఆస్టిన్ పోయాక ఆయన కూతురు ఆ ఫ్లైలు కట్టి అమ్మింది. ఆమె ఆ పని మానేదాకా కిటుకు బయటికి పొక్కలేదు.

ఈ కథను అందరూ ఒక వింతగానే చెప్పుకుంటారు. కానీ డెవన్ గొర్రెల సీమ. అక్కడ పొట్టేలు ఉన్ని కోసం ఎవరూ దేశాలు తిరగనక్కర్లేదు. స్పానియల్ వేటగాళ్ల ఇళ్లలో ఉండే కుక్క. ఆస్టిన్ తన చుట్టూ ఉన్న జంతువుల్లోనే వెతికాడు. కాకపోతే మిగతావాళ్లు చూడని చోట చూశాడు.

అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో రాయ్ స్టీన్‌రాడ్ 1916లో ‘హెండ్రిక్సన్’ అనే ఫ్లై కట్టాడు. వసంతంలో నీటి మీదికి వచ్చే ఒక మేఫ్లై పురుగుకు అది నకలు. దాని ఒంటికి ఎర్ర నక్క పొట్ట కింది లేత బొచ్చు వాడాడు. తర్వాత ఆర్ట్ ఫ్లిక్ అనే మరో ఫ్లైల నిపుణుడు ఇంకొంచెం లోతుకు వెళ్లాడు. ఆడ నక్క పొట్ట అడుగున, మూత్రం తగిలి తగిలి గులాబీ ఛాయకు తిరిగిన బొచ్చు ఉంటుంది. అదే కావాలన్నాడు. రంగు వేసి ఆ ఛాయ తేవడం అప్పట్లో అంత తేలిక కాదు. వినడానికి ఇబ్బందిగా ఉన్నా కారణం మాత్రం సూటిగా ఉంది. ఆ పురుగు ఒంటి రంగు అదే.

పాత ఫ్లైల తయారీ వివరాలు చదివి ఇవాళ చాలామంది చేసే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. ఆ వివరాలను అక్షరాలా పట్టుకుని, వాటిలో రాసిన జంతువు కోసమే వెతుకుతారు. ఆ జంతువు అరుదైనదైతే టెన్షన్, చట్టం అడ్డొస్తే నిరాశ, దొరికితే జేబుకు చిల్లు. అసలు అడగాల్సింది వేరే ఉంది: ఈ ఫ్లైలో ఈ వెంట్రుక ఏ పని చేస్తోంది? తేల్చుతోందా, నీటిలో ఊగుతోందా, వెలుగును పట్టుకుంటోందా, పురుగు తోకలా నిటారుగా నిలబడుతోందా? ఇది తేలితే వెతకాల్సిన చోటు తనంతట తానే మారిపోతుంది.

జంతువు ఒంటి మీద మామూలుగా రెండు రకాల రోమాలు ఉంటాయి. పైన కనిపించేవి పొడవైన, బిరుసైన, కొన సన్నబడిన పై వెంట్రుకలు. వాటి కింద మెత్తగా, ఒత్తుగా, నూగులా ఉండేది అడుగు బొచ్చు. ఫ్లైకి రెక్కలు, తోకలు పై వెంట్రుకలతో వస్తాయి. ఒళ్లు చుట్టడానికి అడుగు బొచ్చు కావాలి. దాన్ని మైనం రాసిన దారం మీద వేళ్లతో పురిపెట్టి చుడతారు. ఈ పనికి డబ్బింగ్ అని పేరు. రెండూ కలిసిపోతే ఏ పనీ సరిగా కాదు.

పై వెంట్రుకల్లో జింక వెంట్రుక ఒక అద్భుతం. దాని లోపల గాలితో నిండిన గదులు తేనెపట్టులా ఉంటాయి. చలికాలంలో జింకను వెచ్చగా ఉంచేది ఆ గాలే. ఫ్లైని నీటి మీద తేల్చేదీ అదే. పెన్సిల్ మందాన ఒక కుచ్చు తోలుకు ఆనుకుని కత్తిరించి, దువ్వి అడుగు బొచ్చు తీసేసి, హుక్ మీద పెట్టి దారం రెండు చుట్లు వదులుగా చుట్టి మెల్లగా లాగితే ఏమవుతుందో చూడాలి. దారం నొక్కిన చోట గాలి గదులు నలిగి, వెంట్రుకలు రెండు వైపులా లేచి గొడుగులా విచ్చుకుంటాయి. పట్టు వదిలితే కుచ్చు హుక్ చుట్టూ తిరిగి సమంగా పరుచుకుంటుంది. ఇలా కుచ్చు వెనుక కుచ్చు దట్టించి, బ్లేడుతో చెక్కితే స్పాంజిలాంటి తల తయారవుతుంది. 1930 దశకంలో కెనడాలోని నిపిగాన్ నది మీద డాన్ గేపెన్ కట్టిన ‘మడ్లర్ మిన్నో’ తల జింక వెంట్రుకదే. 1957లో అల్ ట్రాత్ కట్టిన ‘ఎల్క్ హెయిర్ క్యాడిస్’ రెక్కకు జింక జాతిదే అయిన ఎల్క్ వెంట్రుక వాడాడు.

అయితే ‘జింక వెంట్రుక’ అని ఒకటే పేరు పెట్టడం తప్పుదారి పట్టిస్తుంది. ఒకే తోలు మీద నాలుగైదు రకాల వెంట్రుకలు ఉంటాయి. పిరుదుల దగ్గర, పొట్ట పక్కన ఉన్నది లావుగా, బోలుగా ఉండి బాగా విచ్చుకుంటుంది. వెన్ను మీదిది అంతకంటే సన్నం. కాళ్లు, ముఖం మీద ఉన్నది పొట్టిగా, గట్టిగా ఉంటుంది. తోక వెంట్రుక పొడవు. మొదలు దగ్గర కాస్త విచ్చుకున్నా కొన వైపు లొంగదు. అందుకే చిన్న చేపల్ని పోలిన ఫ్లైలకు తోక వెంట్రుక వాడతారు. కాలం కూడా ముఖ్యమే. వేసవి కోటు పలచగా, పొట్టిగా ఉంటుంది. చలికాలపు కోటులో గాలి ఎక్కువ. ఎవరో ఇచ్చిన తోలు ముక్క మీద కత్తెర పెట్టే ముందు అది ఏ భాగానిది, ఏ నెలలోది అని అడగాలి. ఈ రెండూ తెలియకపోతే జంతువు పేరు తెలిసీ ఉపయోగం లేదు.

బోలు వెంట్రుకను గుర్తుపట్టడానికి ఒక గాజు గ్లాసులో నీళ్లు చాలు. ఒక వైపు జింక వెంట్రుకలు నాలుగు, ఇంకో వైపు దూడ తోక వెంట్రుకలు నాలుగు వేసి వేలితో ముంచి వదలాలి. జింకవి బెండులా పైకి తన్నుకొస్తాయి. దూడవి నీళ్లు పీల్చుకున్నట్టు నెమ్మదిగా దిగుతాయి. అలాగని దూడ తోక పనికిరానిదేం కాదు. దాని వంకర టింకర వెంట్రుకలు తెల్లగా, ఒత్తుగా నిలబడి దూరం నుంచి కూడా కంటికి కనిపించే రెక్కనిస్తాయి. దాని పని అదే. ఏ కొత్త వెంట్రుక చేతికి వచ్చినా ఈ పరీక్ష, దాంతో పాటు గోళ్ల మధ్య నొక్కి మడతపెట్టి చూసే పరీక్ష చేయడం మంచిది. నొక్కిన చోట కంక నలిగినట్టు మడత నిలిస్తే అది బోలు. స్ప్రింగులా తిరిగి లేస్తే గట్టిది.

తేలడానికి బోలుతనం ఒక్కటే దారి కాదు. మంచు కుందేలు పాదం ఇందుకు మంచి ఉదాహరణ. మంచు మీద దిగబడకుండా దాని పాదాల అడుగున వంకీలు తిరిగిన బిరుసు వెంట్రుకలు పెరుగుతాయి. ఆ వంకీల మధ్య గాలి చిక్కుకుంటుంది. నీరు విదిలిస్తే మళ్లీ పొడిబారుతుంది. న్యూయార్క్‌లోని ఆసేబుల్ నది తీరాన ఫ్రాన్ బెటర్స్ కట్టిన ‘యూజువల్’ అనే ఫ్లై దాదాపు మొత్తం ఆ పాదపు వెంట్రుకే. కుందేలును వండుకున్నాక మామూలుగా పారేసేది పాదమే కదా. నీటిలో బతికే జంతువుల అడుగు బొచ్చు ఇంకో దారి. బీవర్, మస్క్‌రాట్, నీటికుక్కల బొచ్చు ఎంత ఒత్తుగా ఉంటుందంటే నీరు చర్మం దాకా వెళ్లదు. సముద్రపు నీటికుక్కకు చదరపు సెంటీమీటరుకు లక్షకు పైగా రోమాలు ఉంటాయి. దాన్ని ముట్టుకోకూడదు, అది రక్షిత జంతువు. కానీ అదే గుణం తక్కువ మోతాదులో మస్క్‌రాట్ బొచ్చులో దొరుకుతుంది.

న్యూట్రియా సంగతి కూడా తెలుసుకోదగ్గది. దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన ఈ పెద్ద ఎలుకలాంటి జంతువు అమెరికాలోని లూసియానా చిత్తడి నేలల్ని మేసి పాడుచేస్తోంది. అక్కడ తోకకు ఇంత అని ప్రభుత్వమే బహుమానం ఇచ్చి వేటాడిస్తోంది. దాని అడుగు బొచ్చు బీవర్‌కు దీటుగా ఉంటుంది. న్యూజిలాండ్‌లో 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలిన బ్రష్‌టెయిల్ పాసమ్ కూడా అంతే. అడవుల్ని, పక్షి గూళ్లను నాశనం చేస్తోందని దాన్ని పట్టి చంపుతారు. మెత్తని ఆ బొచ్చు మంచి డబ్బింగ్ అవుతుంది. ఎలాగూ చంపక తప్పని జంతువు బొచ్చు వృథా కాకుండా వాడటం, ఫ్లై కోసం మరో జంతువును వెతుక్కోవడం కంటే ఎన్నో రెట్లు మేలు.

వెలుగు విషయానికి వస్తే సీల్ బొచ్చు పేరు మొదట వినిపిస్తుంది. ఐర్లండ్, స్కాట్లండ్ సరస్సుల ఫ్లైలకు అది ప్రాణం. పోచలు నునుపుగా, బిరుసుగా ఉండి దారానికి లొంగవు. కానీ తడిశాక ఎండలో పట్టి చూస్తే ప్రతి పోచ అంచునా వెలుగు మెరుస్తుంది. ధ్రువపు ఎలుగుబంటి వెంట్రుకదీ అలాంటి మెరుపే. ఆ వెంట్రుకలో రంగే లేదు. వెలుగు చెదిరిపోవడం వల్ల తెల్లగా కనిపిస్తుంది. కెనడా పశ్చిమ తీరంలో కోహో సాల్మన్ చేపల కోసం ఒకప్పుడు దాన్ని విరివిగా వాడేవారు. అమెరికా 1972లో తెచ్చిన సముద్రపు క్షీరదాల రక్షణ చట్టం ఈ రెండింటి దిగుమతికీ అమ్మకానికీ దాదాపు తలుపులు మూసేసింది. ఐరోపా సమాఖ్య 2009లో సీల్ సరుకుల వ్యాపారాన్ని నిషేధిస్తూ, ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజల సంప్రదాయ వేటకు మాత్రం మినహాయింపు ఇచ్చింది.

మరి ఇప్పుడెలా? అంగోరా మేక. దాని ఉన్నినే మోహేర్ అంటారు. ఆస్టిన్ అప్పట్లోనే కలిపాడు కదా. మోహేర్ పోచ మీది పొలుసులు వెడల్పుగా, ఒంటికి అంటుకుని ఉంటాయి కాబట్టి పట్టులా మెరుస్తుంది. అంగుళం కంటే చిన్నగా తరిగి, రెండు మూడు రంగులు కలిపి, కట్టాక వెల్క్రో ముక్కతో గీకి పోచలు బయటికి లాగితే సీల్‌కు చాలా దగ్గరగా వస్తుంది. సీల్ కంటే మెత్తన కాబట్టి చుట్టడమూ తేలికే. ఉన్ని వడికేవాళ్ల దగ్గర, మేకల పెంపకందారుల దగ్గర ఇది సంచుల్లో దొరుకుతుంది.

ఉత్తర ఇంగ్లండ్‌లోని పాత ‘వాటర్‌హెన్ బ్లో’ అనే ఫ్లైకి పసుపు పట్టుదారం మీద నీటి ఎలుక బొచ్చు పొగమంచులా పలచగా పులమాలని రాసి ఉంటుంది. ఆ నీటి ఎలుకకు బ్రిటన్‌లో ఇప్పుడు చట్టపు రక్షణ ఉంది. కానీ అదే నీలి బూడిద రంగు నేలలో సొరంగాలు తవ్వే మోల్ ఒంటి మీద ఉంది, పొలాల్లో దాన్ని పట్టేవాళ్లూ ఉన్నారు. సొరంగంలో ముందుకూ వెనక్కీ కదలాలి కాబట్టి మోల్ బొచ్చుకు వాలు ఉండదు. ఎటు నిమిరినా ఒకటే. ఇంత పొట్టి బొచ్చును దారం మీద పులమడం ఓపిక పని. గోరుతో కొద్దిగా గిల్లి, మైనం రాసిన దారం మీద తాకించి వదిలేయాలి. చుట్టాక కూడా కింది పసుపు కనిపించాలి.

కదలిక కోసం చూసేవారికి నక్క, కుందేలు తోలు పట్టీలు, యాక్ జుట్టు, ఐస్లాండ్ గొర్రె పొడవాటి పై ఉన్ని ఉన్నాయి. వీటికి పెద్ద కష్టం లేదు, అన్నీ మామూలు వ్యాపారంలోనే దొరుకుతాయి. స్కాండినేవియా సాల్మన్ ఫ్లైలతో పేరు పొందిన ‘టెంపుల్ డాగ్’ వెంట్రుక దగ్గరే ఆగాలి. అది నిజంగానే కుక్క వెంట్రుకగా మొదలైంది. కుక్క, పిల్లి తోళ్ల వ్యాపారాన్ని అమెరికా 2000లో, ఐరోపా సమాఖ్య 2008 చివరి నుంచి నిషేధించాయి. ఇప్పుడు ఆ పేరుతో ఏది అమ్మినా, అది ఏ జంతువుదో స్పష్టంగా అడగాలి. నక్క, రాకూన్ డాగ్ (పేరులో డాగ్ ఉన్నా పెంపుడు కుక్క కాదు) వెంట్రుకలు ఆ పని బాగానే చేస్తాయి.

పెంపుడు కుక్కను దువ్వినప్పుడు దువ్వెనకు వచ్చే బొచ్చు వేరే సంగతి. జంతువుకు ఏ బాధా లేదు. సున్నితమైన అడుగు బొచ్చు ఉన్న జాతులైతే రుతువు మారే రోజుల్లో గుప్పెళ్లకొద్దీ వస్తుంది. గ్రూమింగ్ చేసేచోట అడిగితే ఇస్తారు. కానీ అక్కడ ఒక తేడా గమనించాలి. దువ్వితే వచ్చిన బొచ్చుకు కొన సహజంగా ఉంటుంది. మెషిన్‌తో కత్తిరించిన దానికి ఒకసారి కత్తిరించాక పెరిగిన మొద్దు కొనే మిగులుతుంది. తోకకూ రెక్కకూ సన్నబడిన కొన లేకపోతే ఫ్లై చీపురులా కనిపిస్తుంది. కత్తిరింపు బొచ్చును డబ్బింగ్‌కే వాడాలి.

వేటగాళ్లు, మాంసం కోసేవాళ్లు, తోళ్లు శుద్ధి చేసేవాళ్లు, జంతువుల బొమ్మలు నిలబెట్టే టాక్సిడెర్మిస్టులు పారేసే ముక్కలే ఫ్లై కట్టేవారికి ఏళ్ల తరబడి సరిపోతాయి. అమెరికాలోని మెప్స్ అనే ఎరల సంస్థ దశాబ్దాలుగా వేటగాళ్ల దగ్గర ఉడుత తోకలు కొంటోంది. ఉడుత తోకలో అడుగు బొచ్చు దాదాపు ఉండదు, అంతా వెంట్రుకే. అందుకే నీటిలో అది ముద్ద కాకుండా విడివిడిగా కదులుతుంది. పాత బొచ్చు కోట్లు ఇంకో గని. తోలు ముందే శుద్ధి చేసి ఉంటుంది కాబట్టి కుళ్లదు. కాకపోతే కొనేముందు నాలుగు వెంట్రుకలు పట్టి లాగి చూడాలి. ఊడి వస్తే తోలు చివికిపోయినట్టు. ఆ కోటు ఏ జంతువుదో తేల్చుకోవడం అంతకంటే ముఖ్యం. చిరుత, సీల్, నీటికుక్కల కోట్లు పాతవైనంత మాత్రాన చట్టం వదిలిపెట్టదు.

రోడ్డు మీద చచ్చిన జంతువు ఉచితంగా కనిపిస్తుంది కానీ నియమాలు చోటును బట్టి పూర్తిగా మారతాయి. కొన్నిచోట్ల అనుమతి పత్రం కావాలి. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం, ఆ చట్టం కాపాడే పక్షుల ఈక నేల మీద దొరికినా దగ్గర ఉంచుకోవడం నేరమే. ఇక ఆరోగ్యం. కుందేళ్ల నుంచి తులరేమియా అనే జబ్బు మనుషులకు అంటుతుంది. చేతి తొడుగులు లేకుండా తోలు తీయకూడదు. ఒళ్లు ఉబ్బి, పొట్ట పచ్చబడిన జంతువును వదిలేయడమే మంచిది. కుళ్లు మొదలైతే వెంట్రుకల కుదుళ్లు వదులై, ఎంత ఉప్పు పట్టించినా ఊడిపోతాయి.

చట్టం ఊరికే వేధింపు అని అనుకునేవారు 2009ని గుర్తు తెచ్చుకోవాలి. ఆ ఏడాది జూన్‌లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్‌లో ఉన్న సహజ చరిత్ర మ్యూజియంలో దొంగతనం జరిగింది. సాల్మన్ ఫ్లైలు కట్టే ఒక యువకుడు రాత్రిపూట చొరబడి 299 పక్షి చర్మాలు పట్టుకుపోయాడు. వాటిలో 19వ శతాబ్దంలో సేకరించినవీ ఉన్నాయి. ఏ చోట, ఏ రోజు దొరికిందో రాసిన చీటీలు చాలావాటికి ఊడిపోయాయి. చీటీ పోయిన చర్మం పరిశోధనకు పెద్దగా పనికిరాదు. అవి ఈకలే, వెంట్రుకలు కావు. కానీ పాత తయారీ వివరాల్లో రాసిన సరుకే కావాలన్న పట్టుదల ఎంత దూరం తీసుకుపోతుందో అక్కడ కనిపించింది. ఆ నష్టం ఎప్పటికీ పూడదు.

చేతికి వచ్చిన పచ్చి తోలును మొదట కొవ్వు, మాంసం పోయేలా గీకాలి. అయోడిన్ లేని ఉప్పు దట్టంగా పట్టించి, నీరు ఊరితే ఆ ఉప్పు తీసేసి కొత్తది వేసి, నీడలో బల్లకు కొట్టి ఆరబెట్టాలి. జింక తోక విషయంలో కొత్తవాళ్లు ఎముక తీయడం మర్చిపోతారు. పైన ఆరినట్టు కనిపించినా లోపల కుళ్లు పట్టి వారానికే వాసన కొడుతుంది. తోకను అడుగు వైపు పొడవునా చీల్చి ఎముక లాగేయాల్సిందే. ఆరాక గిన్నెలు కడిగే ద్రవం కొద్దిగా వేసిన గోరువెచ్చని నీటిలో జాడిస్తే జిడ్డు పోతుంది. జిడ్డు పోకపోతే రంగు పట్టదు. రంగుకు ఉన్నికి వాడే యాసిడ్ డైలు, వెనిగర్ చాలు. నీరు మరగకూడదు, మరిగితే బోలు వెంట్రుక పాడై పెళుసెక్కుతుంది. పాతకాలంలో పసుపు రంగుకు పిక్రిక్ యాసిడ్ వాడేవారు. పొడిబారితే అది పేలుడు పదార్థం. పాత సీసా ఎక్కడైనా కనిపిస్తే మూత కూడా తిప్పకూడదు.

ఇంత చేసీ పురుగుకు ధారపోసినవాళ్లు ఎందరో. బట్టలు కొరికే చిమ్మట పిల్లలు, కార్పెట్ పురుగు పిల్లలు బొచ్చునే తింటాయి. బయటినుంచి ఏ ముక్క వచ్చినా గాలి చొరబడని సంచిలో పెట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచాలి. తీసి కొన్ని రోజులు గది వేడిలో ఉంచి, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టాలి. మొదటి చలికి తట్టుకున్న గుడ్లు మధ్యలో పొదిగి, రెండో చలికి చస్తాయి. ఆ తర్వాతే మిగతా సరుకుతో కలపాలి. ప్రతి సంచిలో ఒక చీటీ కూడా వేయాలి. ఏ జంతువు, ఒంటి మీద ఏ భాగం, ఏ నెల, ఎవరి దగ్గర నుంచి వచ్చింది అన్నది పెన్సిల్‌తో రాయాలి, సిరా తేమకు అలుక్కుపోతుంది. బాగా పట్టిన ఫ్లైని మళ్లీ కట్టాలన్నప్పుడు అదే ఛాయ వెతకడానికీ, సరిహద్దు దాటే పార్సిల్‌ను అధికారి తెరిచి ఇదేమిటని అడిగినప్పుడూ ఆ చీటీయే అక్కరకొస్తుంది.